ఇతర వివరాలు

తార్నాకలో, మెట్రో పట్టాల ఎత్తున
మూడో అంతస్తులో మా ఆఫీసు.
రైలు పోయినప్పుడల్లా టేబుల్ మీది
మట్టి శాంపిళ్ళ సంచులు కొంచెం వణుకుతాయి.
పొలం డైరీలు చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని.
పద్నాలుగు వందల అరవై మంది సోయా రైతులు.
ఒక్కరి చేనూ నేను చూడలేదు.

చేతిరాతలు మాత్రం తెలుసు.
జూన్ పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి,
రైజోబియం పొడిని బెల్లం నీళ్ళలో కలిపి
విత్తనానికి పట్టించిన వేళ్ళే వాటిని తిప్పాయి మరి.
ఆగస్టు పేజీలు తడిసి ఉబ్బుతాయి.
సెప్టెంబరుకి ఓపిక అయిపోయి సగం గళ్ళు ఖాళీ.
కొయ్యకాళ్ళు తగలబెట్టారా అన్న చోట
అందరూ ఒట్టు వేసినట్టు ఒకటే మాట: లేదు.
బాబ్యా నాయక్ ఒక్కడే ఇంకో ముక్క చేర్చాడు:
"లేదు. పక్క చేనాయన పెట్టిండు. పొగ నాకే వచ్చింది."

ఈ సర్టిఫికెట్ ఎవరికోసమని
చేరిన కొత్తలో మా మేనేజర్‌ని అడిగాను.
సముద్రం అవతల కోళ్ళ కోసమన్నాడు.
ఆ కోళ్ళను తినేవాళ్ళ
నిద్ర కోసమని నాకు తర్వాత అర్థమైంది.

నిన్న తుల్జవ్వ వచ్చింది.
కంగ్టి అవతల నుంచి, తెల్లవారుజాము బస్సుకి,
మేము పంపిన ఉత్తరాన్ని కొంగుకి ముడేసుకుని.
చిన్న లోపం, ముప్పై ఒకటో ప్రశ్న:
వాగు పక్కన మూడు మీటర్లు సాగు చేయకుండా వదిలారా?
ఆమె మనవరాలి గుండ్రటి అక్షరాల్లో జవాబు: లేదు.

"దున్నితె గదా బిడ్డా, ఇడిసేది?
మా అత్త దున్నలె. నేను దున్నలె.
ఆడ పూరేడు పిట్టలు గుడ్లు వెడ్తయి."

ఆమె చూస్తుండగానే చెరిపేసి
'అవును' అని కొట్టాను.
వాళ్ళ అత్త కాలం నాటి గడ్డి
ఆ క్షణాన మా పథకం సాధించిన మార్పుల్లో చేరిపోయింది.
నివేదికలో ఒక ఆకుపచ్చ గీత
వెంట్రుకవాసి పెరిగి ఉంటుంది.

నవ్వొచ్చింది నాకు. ఆమెకు రాలేదు.
డైరీ తనే తిప్పి, ఇంకో పేజీ మీద వేలు పెట్టింది.
"గిది మాత్రం మీరు చెప్పినంకనే."
మందు డబ్బా మూడుసార్లు కడగాలి,
మేకుతో పొడవాలి, గోనెసంచిలో వేయాలి.
"అంతకుముందు?"
"కడిగి, గా డబ్బలనే చేనుకు తాగేనీళ్ళు మోసేది."
"ఎన్నేళ్ళు?"
"లెక్కవెట్టలే. గళ్ళ రాయాల్నా?"

దానికి గడి లేదు.

క్వింటాల్‌కి ఇరవై రెండు రూపాయలు ఎక్కువ వస్తుంది ముద్ర ఉంటే.
ఆమెకు పదకొండు క్వింటాళ్ళు పండింది.
వేళ్ళ కణుపుల మీద లెక్క కట్టి
బస్సు ఆడోళ్ళకు ఉత్తగనే గాబట్టి
మొత్తం మిగిలినట్టే అంది.
అది వెక్కిరింతో నిజమో
ఆ మొహం చూస్తే తెలియలేదు.

చివర్న ఇతర వివరాలకి రెండు గీతలుంటాయి.
పద్నాలుగు వందల అరవై డైరీల్లో
దాన్ని నింపినవాళ్ళు లేరు.
ఏమైనా రాయాలా అని అడిగాను, మర్యాదకి.

ఆమె చాలాసేపు ఆలోచించింది.
నాగోలు వైపు రైలొకటి పోయింది, సంచులు వణికి ఆగాయి.
"రాయి. పోయినేడు కంటె ఎర్రలు ఎక్కువున్నయి.
ఒక్క పారకు నాలుగైదు లేస్తున్నయి.
మీతోని వచ్చినయో, వాటంతట అవే వచ్చినయో
నాకు తెల్వది. రాయి, అదిగూడ."

రాశాను. రెండు గీతలకూ సరిగ్గా సరిపోయింది.

సంతకం దగ్గర కొడతానంది వేలిముద్ర,
ఇంక్ ప్యాడ్ ఎండిపోయింది.
శాంపిల్ సంచి నుంచి రాలిన నల్లమట్టిని
ఉమ్ముతో తడిపి అద్ది వెళ్ళింది.
అది ఎవరి చేనుదో చూడలేదు మేమిద్దరం.

రాత్రి హబ్సిగూడ గదిలో
నీళ్ళు పట్టుకుందామని సీసా కడిగాను.
కుళాయి కట్టబోయి
ఇంకో రెండు సార్లు కడిగాను.